పట్టాలొచ్చిన రోజు

మా గూడెం రైలు కోసం పుట్టింది. అడవిలో నరికిన వెదురూ కలపా మోసుకెళ్లి పెద్ద స్టేషన్లో దించే చిన్న రైలు అది. రెండు పట్టాల నడుమ ఎడం రెండున్నర అడుగులే. కొత్తగా చూసినవాళ్లు పిల్లలాడుకునే బండి అనుకునేవాళ్లు. ఆ దారి బాగోగులు చూసే గ్యాంగులో మా ఆయన పనిచేసేవాడు. గ్యాంగువాళ్ల కోసం రైలు కట్ట పక్కనే పన్నెండు గుడిసెలు వేశారు. అదే గ్యాంగు గూడెం. కొందరు తండాల వాళ్లు, కొందరు చర్ల వైపు నుంచి వచ్చిన కోయలు, మేమిద్దరం మధిర పక్కవాళ్లం. ఇంట్లో ఎవరి మాట వాళ్లది. బావి దగ్గర మాత్రం అందరిదీ తెలుగే.

డెబ్బైల నడుమ అడవిలోకి లారీల రోడ్డు పడింది. ఆ మరుసటి ఎండాకాలమే రైలు ఆపేశారు. పట్టాలు ఊడదీసి తీసుకుపోయారు. కింద పరిచిన దుంగల్ని కూడా వదల్లేదు. ఇంజన్ ఒక్కదాన్ని పనికిరాదని షెడ్డులో వదిలిపెట్టారు. మమ్మల్ని కూడా అలాగే వదిలిపెట్టారు.

మిగిలింది కట్ట. ఎంత దూరం చూసినా కంకర. మగవాళ్లు కూలికి పోతే ఆడవాళ్లం ఆ కంకర ఏరడం మొదలుపెట్టాం. రెండు ఎండాకాలాలు ఏరాం. వేళ్ల కొసలు పగిలి అన్నం కలుపుకుంటే మంట పుట్టేది. వాగు నుంచి ఒండ్రు మోశాం, పెంట మోశాం. మూడో ఏడు కంది మొలిచింది.

పంచుకోవడానికి మాకు కొలత గొలుసూ లేదు, టేపూ లేదు. పట్టాల కొసలు కలిసిన చోటల్లా కట్ట మీద గుర్తు ఉండిపోయింది. మా ఆయన ఆ గుర్తులు చూసుకుంటూ నడిచి, ఇంటికి ముప్పై పట్టాల పొడవు పంచాడు. అందుకే మా గూడెంలో "నీ ముప్పై పట్టాల్ల ఏమేసినవే?" అని ఒకరినొకరు అడిగేవాళ్లం. ఆ చేను ఈ కొసన నిలబడి పిలిస్తే ఆ కొసన వినబడదు. అడ్డంగా మాత్రం నాలుగు అంగల్లో అయిపోతుంది. నాగలి తిప్పుకోవడానికి చోటుండదు. పార, గునపం, మా నడుములు. అంతే.

ఆ చేను మాదని చెప్పే కాగితం లేదు. రైలు నడిచే ఇనుమునూ పట్టా అంటాం, భూమి కాగితాన్నీ పట్టా అంటాం. మొదటిది పోయినందుకు మాకు చేను దొరికింది. రెండోది లేనందుకు ఆ చేను ఏ రోజు పోతుందో తెలియక బతికాం. ఏటా కంది పూతకొచ్చే వేళకు ఎవరో ఒక ఉద్యోగి వచ్చి, "ఇది సర్కారు జాగా, ఈ ఏడుతో ఖాళీ చెయ్యాలె" అని చెప్పి పోయేవాడు. పోతే మళ్లీ ఎక్కడ ఏరుకోవాలి? అప్పటికి మా ఆయనకు దగ్గు పట్టుకుంది. కూలికి పిలిచేవాళ్లు లేరు. ఆ ముప్పై పట్టాల కందులే మాకు తిండి.

నేను మధిర దగ్గర మా ఊరి బడిలో మూడో తరగతి దాకా చదివాను. తమ్ముళ్లను ఎత్తుకోవడానికి మనిషి కావాలని అక్కడితో మాన్పించారు. గూడెంలో అక్షరం వచ్చింది నా ఒక్కదానికే. బియ్యం కార్డు చూసేది నేనే, దవాఖానా చీటీ చదివేది నేనే. పట్టా కోసం పెట్టుకున్న అర్జీలన్నీ నేనే రాశాను. ముందు పాత క్యాలెండరు వెనక రాసి, తప్పులు దిద్దుకుని, అప్పుడు తెల్లకాగితం ముట్టుకునేదాన్ని. ఒక్క కాగితం కూడా పాడుచేయలేదు. దాని మీద నాకు బింకం కూడా ఉండేది. నలుగురి ముందు చదివేటప్పుడు తెలియని మాట తగిలితే ఆగేదాన్ని కాదు. దాటేసి గబగబా ముందుకు పోయేదాన్ని. ఆగితే పెద్దరికం పోతుందని భయం.

తొంభైలు వచ్చాయి. ఒక పొద్దున గూడేనికి జీపు వచ్చింది. బడి నుంచి రిటైరైన ఒక పంతులుగారు దిగారు. భద్రాచలంలో ఆయనా మరికొందరూ కలిసి కమిటీ పెట్టుకున్నారట. రాములవారి దర్శనానికి వచ్చేవాళ్లు ఒక పూట అడవి చూసిపోయేలా ఏదో చేయాలని వాళ్ల ఆలోచన. మగవాళ్లను వెంటబెట్టుకుని ఆయన షెడ్డుకు పోయారు. నేను చేలో కలుపు తీస్తున్నాను. కలుపు వదిలి మాటలకు పోయే అలవాటు నాకు లేదు. సాలు పూర్తిచేసి వెళ్లేసరికి ఆయన జీపు ఎక్కుతున్నారు.

"పట్టాల సంగతి నాకు వదిలెయ్యండమ్మా" అన్నారు నన్ను చూసి. "దసరా దాటాక మీ గూడేనికి పట్టాలొస్తాయి. నా పూచీ."

మట్టి చేతులతోనే దండం పెట్టాను.

జీపు పోయాక మా ఆయన్ను అడిగాను. "ఇంజన్ బాగు చేస్తరట, జనం చూడ్డానికి వస్తరట" అన్నాడు. షెడ్డులో ఇంజన్ బాగుచేసి చూపిస్తారు, అందుకు బదులుగా మాకు భూమి కాగితాలు ఇప్పిస్తారు అని నాకు నేనే అతుకు వేసుకున్నాను. ఎవరినీ మళ్లీ అడగలేదు.

నులక మంచం దిగని మనిషి మా ఆయన. ఆ మరునాటి నుంచి షెడ్డుకు పోవడం మొదలుపెట్టాడు. ఇంజన్ చక్రాల సందులోంచి మొలిచిన టేకు మొక్కను కొట్టేశాడు. తుప్పు గీకాడు. ఇంట్లో వంటకు దాచిన నూనెలోంచి చెంచాడు తీసుకుపోయి ఇనుముకు రాశాడు. ఇంకో రోజైతే ఊరుకునేదాన్ని కాదు. ఆ నెల రోజులూ నోరెత్తలేదు.

ఒక సాయంత్రం గంజి తాగుతూ, "పట్టాలొస్తే ఇంగ రంది లేదే" అన్నాడు.

"అవ్. ఎన్నేండ్ల కష్టం" అన్నాను.

"నువ్వు ఒప్పుకుంటవనుకోలే."

"ఒప్పుకోక? నేనేమన్న పిచ్చిదాన్నా?"

ఆయన నా వైపు చాలాసేపు చూశాడు. కళ్లు తడిశాయి. దగ్గు తెర వచ్చిందేమో అనుకున్నాను.

పది రోజుల తరవాత కమిటీ గుమాస్తా ఒక కాగితం తెచ్చాడు. అందరం మా వాకిట్లో కూడాం. కాగితం నా చేతికిచ్చారు. పైన పెద్ద అక్షరాలతో "పట్టాల జాగా విషయమై సమ్మతి పత్రము" అని ఉంది. దాన్ని రెండుసార్లు పైకి చదివాను. కిందవన్నీ చీమల్లాంటి అక్షరాలు. "స్వచ్ఛందముగా", "దఖలుపరచుటకు", "అభ్యంతరము" లాంటి మాటలు. మూడో తరగతిలో అలాంటి మాటలు రాలేదు. అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. అర్థమైన మాటలు పైకి అంటూ, కానివి దాటుకుంటూ అడుగు దాకా పోయాను.

"మన పట్టాల కాగితమే. పెట్టుర్రి" అన్నాను.

"అంతా చదివి వినిపించినట్టేనా?" అని గుమాస్తా అడిగాడు.

"వినిపించిన" అన్నాను.

ఇంటికొకరు చాలన్నాడు. అందరికంటే ముందు నేను సంతకం పెట్టాను. దాని కింద పదకొండు వేలిముద్రలు పడ్డాయి.

దసరా దాటిన నాలుగో రోజున కబురొచ్చింది, పట్టాలు బయలుదేరాయని. ఆ పొద్దున వాకిళ్లు అలికాం. పెట్టెలో ఉన్న ఒక్క మంచి చీరా కట్టుకున్నాను. కాగితాలిచ్చే ఆఫీసరు కూర్చోవడానికి మంచం వేసి దుప్పటి పరిచాం. పక్క గుడిసెలో చర్ల వైపు నుంచి వచ్చిన కోయామె ఉండేది. నేను ఆమెను వదినా అనేదాన్ని, ఆమె నన్ను వదినా అనేది. కంకర ఏరిన రెండు ఎండాకాలాలూ ఒకే తట్టకు చెరో పక్క చెయ్యి వేసినవాళ్లం.

"లారీల వస్తున్నయట. కాగితాలకు లారీ ఎందుకు వదినా?" అన్నది. "పన్నెండు ఇండ్లకు ఒక సంచి చాలదా?"

"సర్కారు పని గట్లనే ఉంటది" అని నేనే సర్దిచెప్పాను.

లారీ వచ్చి మా చేను మొదట్లో ఆగింది. వెనక తలుపు దించారు. నలుగురు కూలీలు పైకెక్కి ఇనుప పట్టాను కాళ్లతో తన్ని కిందికి తోశారు. అది పూతమీదున్న కంది మీద పడింది. దాని మీద ఇంకొకటి. ఆ మోతకు గూడెంలో కుక్కలన్నీ మొరిగాయి. మా ఆయన తువ్వాలు ఊపుకుంటూ ఉరికాడు.

"వచ్చినయ్! పట్టాలొచ్చినయ్!" అని అరిచి, అక్కడే గొంతుక్కూర్చుని పట్టా మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు.

నేను లారీ వెంట వచ్చిన మేస్త్రీ దగ్గరకు పోయాను. "పట్టాలేవి బిడ్డా?" అన్నాను.

"గివేంది మరి, అవ్వా? కండ్లు కనవడ్తలేవా?"

"భూమి పట్టాలు."

"భూమివా?" అని అతను కూలీల వైపు తిరిగి నవ్వాడు. "గవి మా లారీల రావే. పదిహేను రోజుల్ల ఈ కంది పీకేయుర్రి. కట్ట పొడుగూతా పట్టాలు పరుస్తం. రైలు నడుస్తది."

గూడెమంతా నా వెనక నిలబడి ఉంది. తిరిగి చూడడానికి మెడ రాలేదు.

"వదినా, ఏం చదివినవ్ నువ్వు?" అన్నది చర్ల వదిన.

నేను కంది మీద పడ్డ ఇనుమునే చూస్తున్నాను.

"మంచిగ చదివినవ్. నీ చదువు సల్లగుండ" అని కొంగు దులుపుకుని పోయింది. ఆమె వెనకే ఒక్కొక్కరూ పోయారు. దుప్పటి పరిచిన మంచం వాకిట్లో అలాగే ఉంది.

మా ఆయన కందిలోంచి లేచి వచ్చాడు. నా మొహం చూసి భయపడ్డాడు.

"ఏమైందే? నీకు ఎరుకే గద? కట్ట మీద రైలు పోతే చేను పోతదని తెల్వదా? సంతకం పెట్టినవ్ గద?" అన్నాడు. తరవాత మెల్లగా, "నా కోసమే పెట్టినవనుకున్న. కోడిని గూడ చేల అడుగు పెట్టనియ్యనిదానివి, నా కోసం చేనే ఇచ్చినవనుకున్న" అన్నాడు.

నాకు అప్పుడు తెలిసింది, నెల రోజులుగా ఒకే మాట పట్టుకుని ఇద్దరం రెండు వేరు వేరు సంతోషాలు పడ్డామని. అవునని కూడా అనలేదు, కాదని కూడా అనలేదు.

మరునాడు భద్రాచలం పోయి పంతులుగారి ఇల్లు వెతుక్కున్నాను. ఆయన మంచినీళ్లిచ్చి, కాగితం నకలు తీసి నా ముందు పెట్టారు.

"అంతా రాసే ఉంది కదమ్మా. పట్టాలు వేసుకోవడానికి మీ సాగులో ఉన్న జాగా మీ ఇష్టంతో ఇస్తున్నారని. మీకు చదువొచ్చని విని నేను చాలా సంతోషించాను. అందుకే మళ్లీ విడమరిచి చెప్పలేదు."

"వాపసు ఇయ్యుర్రి సారూ. చించేస్త."

"నా చేతిలో లేదమ్మా. అసలు కాగితం ఆఫీసుకు పోయింది. దాన్ని చూసే కదా అనుమతి ఇచ్చింది." ఆయన కూడా తల పట్టుకున్నారు. మంచి మనిషి. మంచి మనిషి కాబట్టి తిట్టడానికి కూడా నాకు దారి లేకపోయింది.

అక్కడి నుంచి ఆఫీసు వరండా పట్టాను. రొట్టె కొంగున కట్టుకుని మొదటి బస్సుకు పోయేదాన్ని. ఈ రోజు సారు క్యాంపు, ఈ రోజు మీటింగు, ఈ రోజు సారు ఉన్నారు కానీ ఎవరినీ చూడరు. పదిహేను రోజుల గడువులో తొమ్మిది అక్కడే పోయాయి. గూడెంలో నాతో ఎవరూ మాట్లాడడం లేదు. బావి దగ్గరకు నేను పోతే చేదలు తీసుకుని పక్కకు జరిగేవాళ్లు. తోడు రమ్మంటే, "చదువుకున్నదానివి నువ్వే పో" అనేవాళ్లు. పన్నెండు ఇళ్ల చేలు నా నోటి మీదుగా పోయాయి. అన్నం ముందు కూర్చుంటే ఆ పదకొండు వేలిముద్రలు కంచంలో కనబడేవి.

పదో రోజున పూతతో ఉన్న కంది కొమ్మ ఒకటి విరిచి పట్టుకుపోయాను. ప్యూను ఆపుతున్నా లోపలికి పోయి బల్ల మీద పెట్టాను. ఆఫీసరు చిన్న వయసువాడు, అలిసిపోయిన మొహం. కొమ్మను చూశాడు, నన్ను చూశాడు, కూర్చోమన్నాడు. మొత్తం విని ఫైలు తెప్పించాడు.

"వేలిముద్ర వేసినవాళ్లకు చదువు రాదు. వాళ్లకు తప్పు చదివి వినిపించారని తేలితే వాళ్ల సమ్మతి కొట్టేయొచ్చు. అయితే చదివినామె వచ్చి, నేను తప్పు చదివానని అందరి ముందు ఒప్పుకుని రాసివ్వాలి" అన్నాడు.

"చదివింది నేనే. రాసిస్త."

"నీ సంతకం మాత్రం కొట్టేయలేను పెద్దమ్మా. నీకు చదువొచ్చు. చదివే పెట్టినవ్. నీ వాటా కమిటీకి పోతది."

గోడ మీద ఫ్యాను తిరుగుతోంది. కంది పూలు బల్ల మీద రాలుతున్నాయి.

"నాకు చదువు రాదని రాసుకోండి సారూ" అన్నాను. ఎంత దిగజారి ఆ మాట అన్నానో నాకే తెలుసు.

"మరి వాళ్లకు చదివి వినిపించిందెవరని రాయాలి?" అన్నాడు. రాలిన కంది పూలు బల్ల మీది నుంచి ఏరాను. "రేపు అందరినీ తీసుకురా" అన్నాడు.

ఆ రోజు గూడెంలో గుడిసె గుడిసెకూ పోయి గుమ్మం బయటే నిలబడి చెప్పాను. మా చేను పోతుందన్నది ఎవరికీ చెప్పలేదు. మరునాడు అందరూ బస్సెక్కారు. మా ఆయన్ను వద్దన్నాను. దగ్గుతూనే ఎక్కాడు.

ఆఫీసరు కాగితం నా చేతికిచ్చి, "మొదటి నుంచి చదువు" అన్నాడు. ఈసారి దేన్నీ దాటలేదు. ప్రతి పెద్ద మాట దగ్గరా ఆగాను. కూడబలుక్కున్నాను. రానిచోట ఆయన అందించాడు. వాకిట్లో గబగబా చదివేసిన కాగితం అక్కడ ఎంతకీ తరగలేదు. చెమటకు కాగితం అంచు తడిసింది. అందరూ వింటున్నారు. మా ఆయన తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు.

"వీళ్లకు ఏమని చెప్పినవ్?" అన్నాడు ఆఫీసరు.

"భూమి పట్టాల కాగితమని చెప్పిన."

"రైలు పట్టాలని నీకు తెలుసా?"

"తెల్వదు. తెల్వదని ఎవ్వరికీ చెప్పలే."

ఆఫీసు గుమాస్తా రాసుకున్నాడు. కింద సంతకం పెట్టాను. పదకొండు వేలిముద్రల మీదా ఎర్ర సిరాతో గీత కొట్టారు. నా పేరు మీద గీత పడలేదు. చర్ల వదిన అది చూసింది.

తిరుగు బస్సులో మా ఆయనకు కిటికీ పక్క సీటు దొరికింది. గోదావరి వంతెన దాటాక నా వైపు తిరిగాడు.

"మరి నా కోసం కాదన్నమాట" అన్నాడు.

"కాదు."

"చెప్పకుంటే అయిపోతుండె."

"చెప్పకుంటే పదకొండు ఇండ్ల చేలు పోతయ్ గద."

దగ్గు వస్తే తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని కిటికీ వైపే తిరిగి దగ్గాడు.

పదకొండు చేలు వెనక్కి వచ్చాక రైలు నడవదని తేలిపోయింది. తెచ్చిన పట్టాల్లో ముప్పైకి సరిపడా మా వాటాలో పరిచి, ఇంజన్ను దాని మీద నిలబెట్టి జనానికి చూపిస్తామని పంతులుగారు కబురు చేశారు. అలాగే చేశారు. రెండేళ్లు ఆదివారాలు జనం వచ్చారు, ఇంజన్ ఎక్కి ఫొటోలు దిగారు. తరవాత రావడం మానేశారు. మా ఆయన దాన్ని ఒక్కసారి కూడా ఎక్కలేదు.

ఆ పదిహేను రోజుల గడువులో చివరి రోజు పొద్దున్నే కంది పీకడానికి చేలోకి దిగాను. కాయ కట్టడానికి ఇంకా నెల ఉంది. పీకినది పొయ్యిలోకి కూడా రాదు, పచ్చిది. కాసేపటికి ఎదుటి సాలులో అలికిడైంది. మా ఆయన. వద్దనలేదు, రమ్మనలేదు. ఆయన ఒక మొదలు పీకి దగ్గేవాడు, ఇంకోటి పీకేవాడు. పక్క చేల గట్ల మీద గూడెం ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. చర్ల వదిన చీర ఎగచెక్కి ఒక అడుగు వేసింది. చెయ్యెత్తి వద్దన్నాను. ఆగిపోయింది.

పట్టాలు పరిచే కూలీలు వచ్చి, సామాను దించుకుని, నీడలో కూర్చుని బీడీలు ముట్టించారు. మేస్త్రీ ఒకటికి రెండుసార్లు ఎండ వంక చూసుకున్నాడు.

"అయిపోయిందా అవ్వా?"

"ఇంకో రెండు సాళ్లున్నయ్" అన్నాను.